కళ్లజోడుకు పాలిష్

మొగుడు ఆవిడ కళ్లజోడు మీద తుపుక్కున ఉమ్మగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఛీ ఛీ! అది నా మొహానికి పెట్టుకునేదండీ!" అంది.

"ఉమ్ముకి ఉన్న గుణం దేనికీ లేదే. నేను పాలిష్ పట్టిన బల్లల మీద పెద్దపెద్దవాళ్లు భోజనాలు చేస్తున్నారు, తెలుసా?" అన్నాడాయన. ఆ భోజనాలు తలుచుకుంటే ఆవిడకు డోకొచ్చింది.

ఆయన కొయ్యసామానుకు పాలిష్ పట్టే మనిషి. ఆవిడది రఫూ పని. చిరిగిన చోట పోగుకు పోగు కలిపి, చిరుగన్నదే కనపడకుండా చేసేస్తుంది. మర్నాడు పొద్దున్న ఓ పెద్ద బట్టల దుకాణంలో ఆవిడ పనితనం చూస్తామన్నారు. నచ్చితే నెలజీతం మీద ఉద్యోగం. ఇన్నాళ్లూ గడపగడపకూ తిరిగి చిరుగులు అడుక్కున్న మనిషికి అదేం చిన్న సంగతి కాదు. సరిగ్గా ఆ సాయంత్రమే కళ్లజోడు గచ్చు మీద పడి, కుడి అద్దానికి సన్నటి గీత పడింది. ఆ గీతతో పని నడిచేదే. నోరు మూసుకుని ఊరుకోక మొగుడికి చూపించింది, అదీ ఆవిడ చేసిన పొరపాటు.

గీత కనపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ముందు టూత్‌పేస్టు రాసి రుద్దాడు. తర్వాత ఉప్పుకాగితం తడిపి రుద్దాడు. ఆఖరికి వార్నిషు కంపు కొట్టే గుడ్డపేలిక, ఈ ఉమ్మూనూ. కుడి అద్దం మసకబారేసరికి, రెండూ ఒక్కలా ఉండాలని శుభ్రంగా ఉన్న ఎడమదాన్నీ వదల్లేదు మహానుభావుడు!

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అద్దాల మీది పూత లేచిపోయి మీగడ కట్టినట్టయింది. సబ్బుతో కడిగి కడిగి పెట్టుకుంటే ఎదురుగా ఉన్నది గోడో తలుపో తెలియలేదు. పైగా ముక్కు నిండా ఆ పాడు వాసన.

"ఎలా ఉంది?" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

"నాశనం చేశారు."

"నిగనిగలాడుతుంటే నాశనమంటావేంటే? నువ్వే అలవాటు పడాలి." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తప్పయిందే అని ఒక్క ముక్క అంటే ఆవిడ ఊరుకునేది.

"అయితే రేపు నాతో రండి. అద్దాలు మీరే పాడుచేశారని చెప్పి, కొత్తవి వేయించేదాకా గడువు అడగండి," అంది. సరేనన్నాడు.

దుకాణంలో మేనేజరు పురుగు కొట్టిన కోటు ఒకటి ముందు పెట్టాడు. ఆవిడకు సూదిలో దారమే ఎక్కలేదు. "ఏమైందమ్మా?" అన్నాడు మేనేజరు. ఆవిడ మొగుడి వైపు తిరిగింది.

ఆయన మెడ గోక్కున్నాడు. "ఏం చెప్పమంటారు సార్! పాపం, ఈమధ్య మా ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది," అన్నాడు.

ఛీ, ఇంతోటి మనిషితోనా ఇన్నేళ్లూ కాపురం చేసింది! ఆవిడకు ఒళ్లంతా కంపరమెత్తింది. "నా కళ్లకేం రోగం లేదు సార్. అద్దాలు పాడుచేసింది ఈయన. కొత్తవి వేయించుకొస్తాను, అప్పుడు చూడండి నా పని," అంది.

"అలాగేలెండి, చూద్దాం," అంటూ మేనేజరు ఆ పురుగు కొట్టిన కోటును తీసి లోపల పెట్టేశాడు. ఆ "చూద్దాం" ఎలాంటిదో ఆవిడకు తెలుసు.

బయటికి రాగానే మొగుడు మోచెయ్యి పట్టుకోబోయాడు. "మెట్లున్నాయి, జాగ్రత్త."

"ముట్టుకోకండి నన్ను," అని, గోడ తడుముకుంటూ ఆవిడ ఒక్కతే దిగింది.