అన్నిటికన్నా చిన్న పాము

నాకు పాములంటే అసహ్యం. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. హార్మ్‌తో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేశాను. అందులో ఇరవై ఏళ్ళు మా పై గదిలో మూడు మీటర్ల బోవా పాము ఉంది. దానికి వేసే ఎలుకలు డీప్ ఫ్రిజ్‌లోంచి తీసి నా వంటింటి సింకులోనే వేడినీళ్ళలో కరిగించాను. ఏటా గొడవ పడ్డాను, ఏటా ఓడిపోయాను.

ఫిబ్రవరిలో హార్మ్‌కి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది. బోవాని నేను ఎత్తలేను కదా, పాములు పట్టే ఇద్దరు మనుషులొచ్చి సంచిలో వేసుకుని ఓల్డెన్‌బుర్గ్ ఊరికి తీసుకుపోయారు. పీడా పోయిందని లోపల్లోపల సంతోషించాను కూడా. ఆ వారం నుంచే హార్మ్ తిండి మానేశాడు. రెండు చెంచాలు, మహా అయితే మూడు, తర్వాత పెదవులు బిగించేసేవాడు. మింగడానికి గొంతు బాగానే ఉందని పరీక్ష చేసినావిడ చెప్పింది. డాక్టరు మాత్రం ప్రతి శుక్రవారం తూకం చూసి పెదవి విరిచేవాడు. యాభై ఐదు కిలోల కిందికి దిగితే పొట్టకి రంధ్రం చేసి గొట్టం పెట్టక తప్పదన్నాడు. అప్పటికి యాభై ఏడు ఉన్నాడు.

అందుకని పాము కొనడానికి బయల్దేరాను. నేను, పాము కొనడానికి.

పాముల్ని పెంచి పిల్లల్ని అమ్మే వీబ్కె ఇల్లు కాలవ అవతల. పాముల విద్య హార్మ్ దగ్గరే నేర్చుకుంది. నాకూ ఆమెకీ అంతగా పడదు.

"నీకా, హార్మ్‌కా?" అంది.

"అతనికే. చూసుకోవాల్సింది మాత్రం నేను. అందుకే చిన్నది ఇవ్వు. ఎంత చిన్నదుంటే అంత."

"చిన్న పాము వేరు, పసి పాము వేరు, గెజీనె." ఒక పెట్టె మూత తీసింది. గోధుమరంగు పాము, బొటనవేలంత లావు. "హౌస్ స్నేక్, మగది. ఇంక పెరగదు, మోచేతికి చుట్టుకుంటే అయిపోతుంది. మూడేళ్ళుగా ఒక్క పూట మానలేదు, కార్డు చూడు."

వీబ్కె దగ్గర ప్రతి పెట్టెకీ ఒక కార్డు ఉంటుంది, ఏ రోజు తిన్నదో రాసి. నేను కార్డు చూడలేదు. ఆ పాము నాలుక చాపితే నాకు ఒళ్ళు జలదరించింది. పక్క పెట్టెలో పెన్సిలంత సన్నగా, నారింజ రంగులో ఒక పసిది ఉంది. కార్న్ స్నేక్ పిల్ల. అదే కావాలన్నాను.

"అది వద్దు. రెండు సార్లే తిన్నది. ఇంకా తిండికి నిలదొక్కుకోలేదు. కొత్తవాళ్ళకి ఇలాంటివి ఇవ్వను."

"ఇరవై ఏళ్ళు నా సింకులో ఎలుకలు కరిగించాను. నేను కొత్తదాన్నంటావా?"

"కరిగించింది నువ్వే. పెట్టింది హార్మ్."

ఆ మాటకి నాకు ఒంటికి కారం రాసినట్టయింది. అరగంట వాదించాను. చివరికి సిగ్గు విడిచి ఆమె ముందు ఏడ్చాను, శుక్రవారాల సంగతి చెప్పి. ఇచ్చేసింది. "వారం రోజులు మూత తీయొద్దు, ముట్టుకోవద్దు," అని వెనకనుంచి చెబుతూనే ఉంది.

ఇంటికొచ్చిన గంటకే మూత తీసి హార్మ్ ఎడమ అరచేతిలో పెట్టాను. మూడు నెలల్లో మొదటిసారి అతని కళ్ళు వెలిగాయి. ఆ పూట నాలుగు చెంచాలు తిన్నాడు. గెలిచాననుకున్నాను, పిచ్చిదాన్ని.

ఆదివారం బోవా భోజనం రోజు. హార్మ్ చేసినట్టే చేశాను. ఎలుకపిల్లని పటకారుతో పట్టుకుని పాము మొహం ముందు ఆడించాను. బోవా అయితే ఒక్క దెబ్బకి లాక్కునేది. ఇది తల చుట్టల కింద దాచుకుంది. సోమవారం మళ్ళీ ఆడించాను. మంగళవారం కూడా. తింటుందేమోనని రోజూ మూత తీశాను, రోజూ హార్మ్ చూస్తూనే ఉన్నాడు. మూడు వారాల్లో అది దారప్పోగులా అయిపోయింది. హార్మ్ మళ్ళీ రెండు చెంచాలకి దిగాడు. తూకం యాభై ఐదున్నర.

గురువారం మధ్యాహ్నం వీబ్కెని పిలిపించాను. రేపు డాక్టరు వస్తాడు.

"రోజూ మూత తీస్తున్నావు కదూ?" అంది పాముని చూడగానే.

"తినకపోతే ఏం చెయ్యను మరి?"

"ఇంత చిక్కిపోయాక ఒకటే దారి కనబడుతోంది. నోరు తెరిచి ఎలుకపిల్ల తల లోపలికి నెట్టాలి. బతికితే బతుకుతుంది. ఆ భయానికే చచ్చిపోనూవచ్చు."

"నెట్టు," అన్నాను.

వీబ్కె ఆ చిన్న తలని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. బల్ల మీద హార్మ్ ఎడమచెయ్యి దభీమని పడింది.

"వద్దు." మాట స్పష్టంగా వచ్చింది. తర్వాతవి ఒక్కొక్కటే లాక్కున్నాడు. "చిన్న డబ్బా. చీకటి. పెట్టి... పొండి."

వీబ్కె చెవులదాకా ఎర్రబడింది. "నాకు నేర్పింది నువ్వే. ఊరికే వదిలెయ్యడానికి ధైర్యం చాల్లేదు," అని గొణిగింది. గాలికి చిల్లులు పొడిచిన చిన్న డబ్బాలో పాముని, ఎలుకపిల్లని పెట్టి మూతేసి, పైన తువ్వాలు కప్పింది. రేపటిదాకా ఎవరూ అటు పోకూడదంది.

నేను మామూలుగానే హార్మ్‌కి భోజనం తెచ్చాను. మెత్తగా మెదిపిన క్యారెట్, బంగాళదుంప. గడ్డం కింద గుడ్డ కట్టి చెంచా అందించాను. పెదవులు బిగించాడు. ఇక నా వల్ల కాలేదు.

"పాము తినదు, నువ్వు తినవు. రేపు పొట్టకి రంధ్రం పెడతారు. నన్నేం చెయ్యమంటావు? నోరు తెరిచి చెప్పు హార్మ్, నన్నేం చెయ్యమంటావు?"

అతను మాట కూడదీసుకున్నాడు.

"చూడకు."

"ఏంటి?"

"కారుతుంది. నువ్వు... చూస్తావు. ప్రతి చెంచా. చూస్తావు."

నిజమే. మూడు నెలలకి పైగా ప్రతి చెంచా చూశాను. ప్రతి చుక్కా తుడిచాను. ఎంత పోయింది, ఎంత మిగిలింది అని అతని నోట్లోకి తొంగి చూశాను. అదే ప్రేమ అనుకున్నాను. నా ముందు సొంగ కార్చుకోవడానికి సిగ్గుపడుతున్నాడని నాకు తట్టనే లేదు.

చెంచా అతని ఎడమచేతిలో పెట్టాను. వీబ్కెతో బయటికొచ్చి తలుపు మూశాను. మెట్ల మీద కూర్చున్నాం.

"పొలమారితే?" అన్నాను.

"దగ్గితే వినబడుతుంది. తలుపు పక్కనే ఉన్నావు, కూర్చో."

లోపల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు. చాలాసేపటికి ఇంకోసారి. తర్వాత చెంచా నేల మీద పడింది. నేను లేవబోయాను. వీబ్కె నా చొక్కా పట్టుకుని లాగింది. నోట్లో ఏప్రన్ కుక్కుకుని కూర్చున్నాను.

"గెజీనె," అన్నాడు లోపలినుంచి. "ఇంకో... చెంచా."

వంటింట్లోంచి తెచ్చాను. తలుపు తీసి, కళ్ళు మూసుకుని, బల్ల తడుముకుంటూ వెళ్ళి అతని చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకునే బయటికొచ్చాను.