బైండింగాయన ఓకే

పక్షవాతం వచ్చి తగ్గాక, పుస్తకాలు కుట్టే బైండింగాయనకు మిగిలిన మాట ఒక్కటే, ఓకే. ఆకలేసినా అదే, కూరలో ఉప్పెక్కువైనా అదే. చూడవచ్చినవాళ్ళు "పర్లేదు, మాట బాగానే వచ్చిందే" అనుకుంటూ వెళ్ళేవారు. మాట చివర సాగితే మంచినీళ్ళనీ, గబగబా రెండుసార్లంటే బాత్రూమనీ, పుటుక్కున తెంపేస్తే ససేమిరా వద్దనీ భార్యకొక్కతెకే పట్టుబడింది. అలా తెంపేసి ఎన్ని మాత్రలు ఉమ్మేశాడో ఆమెకే తెలుసు.

ఆ ఆదివారం మరిది ఒక జిరాక్స్ అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. వీధి గది అద్దెకిస్తే చాలు, అందులోని ప్రెస్సూ, కటింగ్ మిషనూ, అట్టల దొంతరలూ తనే తీయించేస్తానన్నాడు అతను. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నిలబడి గుండీలు సరిచూసే పని ఇక మానేయొచ్చు. వాచిన కాళ్ళు చెప్పుల్లో పట్టడం మానేసి చాలాకాలమైంది.

"అన్నయ్యా, గది ఇతనికి ఇచ్చేద్దామా?" అన్నాడు మరిది.

"ఓకే."

పుటుక్కున తెగింది.

"చూశావా వదినా! నేను చెప్పలా, మా అన్నయ్య బంగారం!"

జిరాక్స్ అతను అప్పుడే గుమ్మం వెడల్పు టేపుతో కొలుస్తున్నాడు. నోరు మెదపకుండా కూర్చుంటే పని అయిపోతుంది. ఎవరూ వేలెత్తి చూపరు. ఆమె భర్తకేసి చూసింది. ఆయన బతిమాలుతున్నట్టు కూడా లేడు. తన మాట ఆమె వినేసిందని నిశ్చింతగా ఉన్నాడు.

"ఆయన వద్దంటున్నారు" అంది.

"అదేంటి వదినా! ఓకే అన్నాడుగా, చెవులారా విన్నాం."

"ఆ ఓకే వద్దనే."

"ఓకే అంటే వద్దని ఏ ఊళ్ళో చెప్పారమ్మా? నీకిష్టం లేకపోతే లేదని చెప్పు. నోరులేనివాడి మీద పెట్టకు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"సరేనయ్యా, నాకే ఇష్టం లేదు. చాలా?"

మరిది మొహం గంటుపెట్టుకుని, పోసిన టీ కూడా తాగకుండా లేచాడు. జిరాక్స్ అతను టేపు చుట్టుకుంటూ వెనకే నడిచాడు.

ఆమె గిర్రున భర్త వైపు తిరిగింది.

"సంతోషమేనా? కుడిచెయ్యి లేవదు, ఏం కుడతారండీ మీరు? రేపు పోయి నిలబడాల్సింది నేనే కదా!"

ఆయన ఎడమకాలితో ముక్కాలిపీటను మెల్లగా ఆమె వైపు నెట్టాడు. కోపమైతే పోలేదు గానీ, ఆమె కూర్చుంది.