ఆరో కంచె

తెల్లవారేసరికి ఆకాశం మంచు కురవాలో వాన కురవాలో తేల్చుకోలేక రెండూ కలిపి జల్లుతోంది. ఏప్రిల్‌లో కాలేజీ ఉన్న ఆ సరస్సు ఒడ్డున అది మామూలే. రీడ్ కంగస్ ట్రక్కు దిగి, బూట్ల బురద కాలేజీ మెట్టుకు గీకుతూ కోరా వైపు చూశాడు. ఆమె ఇంకా ట్రక్కులోనే కూర్చుని పెదవులు కదుపుతోంది. చెప్పాల్సింది అప్పజెప్పుకుంటోంది.

అడవుల చదువులో ఇద్దరిదీ రెండో ఏడు. ఏటా ఈ రోజున పరిశోధన చేసేవాళ్లంతా ఒక్కొక్కరే నిలబడి తమ పని చెప్పాలి. మాస్టార్లు వింటారు. కలప మిల్లుల వాళ్లు వింటారు. ఉద్యోగాలిచ్చే వాళ్లూ వచ్చి వెనక వరసలో కూర్చుంటారు.

కోరా పని జింకల మీద. అడవిలో ఆరు చోట్ల కంచె కట్టి, లోపల మొలకలు ఎంత లేచాయో, బయట జింకలు ఎంత మేశాయో చూడడం. ఆ కంచెల తీగచుట్టలు రీడ్ కూడా భుజాన మోశాడు. చలికాలం ముందు ఒక సాయంత్రం ఆరో కంచె తలుపుకు గొలుసు వేయకుండా వచ్చేశారు. చివర బయటికొచ్చింది ఎవరో ఇద్దరికీ గుర్తులేదు. మంచు కరిగాక వెళ్తే తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మొలకలకు మోళ్లే మిగిలాయి.

మొన్నామధ్య ట్రక్కులో వస్తూ కోరా అడిగింది.

"ఆరోదాని సంగతి కూడా చెప్పేయనా? తలుపు మరిచిపోయామని?"

"పిచ్చా నీకు? ఐదే అని చెప్పు. ఎవడడుగుతాడు?"

"అది అబద్ధం కాదట్రా?"

"కాదే బాబూ. ఐదు బాగున్నాయి, ఐదు చెప్తున్నావు. అంతే."

"సరేలే. నువ్వే పెద్దమనిషివి" అని ఆమె నవ్వింది.

ఈ ఉదయం మొదటి వంతు రీడ్‌దే. మాట తడబడి, చెప్పాల్సిందాంట్లో సగం మింగేశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. పక్క కుర్చీలో గ్లెండా ప్రూట్ ఉంది. కౌంటీ అడవుల ఆఫీసులో ఒకే ఒక్క ఖాళీ ఉంది, ఎవరిని తీసుకోవాలో ఆవిడే చెప్పాలి. అతను కూర్చున్నప్పటినుంచి ఆవిడ ఇటు తల తిప్పలేదు.

కోరా తడుముకోకుండా చెప్పింది. కంచె లోపల మోకాలెత్తు పిల్లచెట్లు, బయట బోసి నేల, ఫోటోలు ఒకదాని పక్కన ఒకటి.

"బాగా చెప్తోందే ఈ అమ్మాయి" అని గ్లెండా గొణుక్కుంది. రీడ్‌కు వినబడింది.

"ఎవరైనా అడుగుతారా?" అన్నాడు వాళ్ల మాస్టారు హాల్వర్సన్.

రీడ్ చెయ్యి లేచింది.

"కిందటేడు ఆరు కంచెలన్నావు కదా. ఇప్పుడు ఐదే చూపించావు. ఆరోదేమైంది?"

ఈసారి మాట ఎక్కడా తడబడలేదు.

కోరా అతనికేసి చూసింది. కోపంగా కాదు. అడవిలో నడుస్తుంటే పైన కొమ్మ విరిగిన చప్పుడు విన్న మనిషి, అది ఎటు పడుతుందోనని చూసినట్టు చూసింది.

"ఆరోదీ ఉంది. తలుపుకు గొలుసు నేను వేయలేదు. జింకలు దూరి మేసేశాయి. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే."

"జింకలు కూడా మన కాలేజీలో చేరాయన్నమాట!" అన్నాడు మిల్లు మనిషి ఒకడు. హాలంతా నవ్వింది. కోరా చెవులు ఎర్రబడ్డాయి.

చెప్పొద్దన్నది నువ్వే కదా అని ఆమె అంటుందని రీడ్ కాచుకున్నాడు. ఆమె అనలేదు.

"చురుకైన చూపే అబ్బాయ్ నీది" అంది గ్లెండా, మొదటిసారి అతని వైపు తిరిగి. ఆ మాట కోసమే చెయ్యెత్తాడు. వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంకెవరైనా?" అన్నాడు హాల్వర్సన్. రీడ్ లేచి ఉన్నది చెప్పేయొచ్చు. మోకాలి మీది చెయ్యి కదల్లేదు. తరవాతి పేరు పిలిచారు.

మధ్యాహ్నం జింక మాంసం పులుసు. వేట రోజుల్లో మాస్టార్లూ పిల్లలూ కొట్టి తెచ్చి దాచింది. ఒకే మాస్టారి దగ్గర పనిచేసేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అలవాటు. రీడ్ గిన్నె పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసి, వెళ్లి కోరాకు ఎదురుగా కూర్చున్నాడు.

"కోరా..."

"చల్లారిపోతుంది. తిను."

గ్లెండా తన గిన్నెతో వచ్చి రీడ్ పక్కనే కూర్చుంది.

"అంతమందిమి విన్నాం, ఒక్కరికీ తట్టలేదు. ఇతనికెలా దొరికిందమ్మా నీ ఆరో కంచె?"

కోరా పులుసులోకి చూస్తూ, "తనకి అన్నీ గుర్తుంటాయండీ" అంది.

రీడ్ చెంచా దించాడు.

"దొరకలేదండీ. నాకు ముందే తెలుసు. గొలుసు వేయని రోజు నేనూ ఉన్నాను. ఐదే అని చెప్పమన్నదీ నేనే."

గ్లెండా అతనికేసి చూసి "ఊఁ" అంది. కుర్చీ కొంచెం ఎడంగా జరుపుకుని తినసాగింది. కోరా తలెత్తలేదు.

రొట్టెల పళ్లెం కోరా మోచేతి దగ్గర ఉంది. ఇటు జరపమని అడగడానికి రీడ్‌కు నోరు రాలేదు. ఉత్త పులుసే తాగాడు.