డోబ్రిక్ నుదుటి బొట్టు

ఉమామహేశ్వరి ఇంట్లో దసరా నాడు బొట్టు తప్పించుకున్న వస్తువు లేదు. కారుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు, లాప్‌టాప్‌కు, చివరికి గరాజ్‌లో మూల నిలబడి ఉండే, మంచు తోసే స్నో బ్లోవర్‌కు కూడా ఆవిడ పసుపు రాసి కుంకుమ పెడుతుంది. మిషిగన్‌లో ఆయుధపూజ అంటూ చేస్తే ముందు స్నో బ్లోవర్‌కే చేయాలని ఆవిడ సిద్ధాంతం. కత్తులూ కటార్లూ ఏ ఫిబ్రవరిలోనూ ఎవరి డ్రైవ్‌వే శుభ్రం చేసిన దాఖలాలు లేవు కదా.

ఒక్క గదికి మాత్రం ప్రతి ఏడూ మినహాయింపు. అది భర్త యోగానంద్ పాత బేస్‌బాల్ కార్డులు పెట్టుకునే గది. ఆయన ట్రాయ్‌లో కార్లకు బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో, క్రికెట్ లేక బెంగ పెట్టుకున్న రోజుల్లో, ఇంటి ఓనరు ముసలాయన పక్కన కూర్చోబెట్టుకుని రేడియోలో బేస్‌బాల్ వినిపించాడట. అంతే, మందు పెట్టినట్టయింది. అప్పటినుంచి వారాంతం వస్తే చాలు, హోటల్ హాళ్లలోనూ చర్చి బేస్‌మెంట్లలోనూ జరిగే కార్డుల షోలకు తిరుగుతూ, యాభైల నాటి ఒకే ఒక్క సెట్టును పూర్తి చేయడానికి వేటాడుతూ వచ్చాడు. ఒకప్పుడు చూయింగ్ గమ్‌తో పాటు పిల్లలకు ఊరికే ఇచ్చిన, ఆటగాళ్ల బొమ్మలున్న అట్టముక్కలవి. ఉమామహేశ్వరి వాటిని చెత్త అనేది. కోపంతో కాదు, ఇంట్లో ఏది ఏమిటో తెలియాలి కనుక.

రెండువేల పదకొండు దసరాకు ఆ సెట్టులో చివరివాడు ఇంటికొచ్చి వారం కాలేదు. అతని పేరు డోబ్రిక్. బంతి వేసేవాడికి ఎదురుగా గొంతుకూర్చుని పట్టుకునే క్యాచర్. గొప్పవాడేమీ కాదు, జట్టులో ముగ్గురు క్యాచర్లుంటే మూడోవాడు. కానీ అతని కార్డు సీజను చివర్లో అచ్చయింది, అప్పటికి పిల్లలు బడులకు వెళ్లిపోయారు, కొన్నవాళ్లు తక్కువ. అందుకని బతికున్నప్పుడు ఎవరూ వెతకనివాణ్ణి యోగానంద్ జుట్టు నెరిసేదాకా వెతికాడు.

పండగ రోజు ఉదయం యోగానంద్ స్నానం చేస్తున్నాడు. ఆ మధ్యాహ్నమే ఆఫీసు పని మీద జర్మనీ వెళ్లాలి. కుంకుమ గిన్నెతో ఇల్లంతా తిరుగుతూ ఉమామహేశ్వరి ఆ గది గుమ్మం దగ్గర ఆగింది. ఆల్బమ్‌లో పెట్టడానికి ప్లాస్టిక్ తొడుగులోంచి తీసిన కార్డు బల్ల మీద వెల్లకిలా ఉంది. ఆవిడ మొదటిసారి అతని మొహం చూసింది. మొహానికి పెట్టుకునే ఇనపజాలీ ముసుగును నెత్తి మీదికి తోసుకుని, కార్డు అంచు అవతల దేన్నో చూస్తున్నాడు, రావలసిన బస్సు ఇంకా రానివాడిలా. వెనక పచ్చిక, దాని మీద ఎప్పటిదో ఎండ. ఆ ఎండ చాలాసేపట్నుంచి అక్కడే ఉన్నట్టుంది.

"ఎన్ని ఊళ్లు తిరిగొచ్చావో నాయనా" అనుకుంది. ఇంటికొచ్చిన మనిషికి బొట్టు పెట్టకుండా ఎలా ఊరుకుంటాం! తడికుంకుమ వేలు ఉంగరపువేలే, నుదురు సరిగ్గా నుదురే. పెట్టింది.

అట్ట ఆబగా కుంకుమ తాగేసింది. అప్పుడు తెలివొచ్చింది ఆవిడకు. వేలితో తుడవబోతే ఇంకా పాకేట్టుంది. బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగింది. డోబ్రిక్‌ను గబుక్కున బోర్లా తిప్పి, వంటింట్లోకి వెళ్లి పులిహోర కలపడం మొదలుపెట్టింది, కలిపిన పులిహోరనే.

యోగానంద్ పాస్‌పోర్టు కోసమని ఆ గదిలోకి వెళ్లాడు, కాస్త ఆలస్యంగా బయటికొచ్చాడు, ఏమీ అనలేదు. ఎయిర్‌పోర్టుకు వెళ్లే టాక్సీ ఎక్కుతూ మాత్రం "ఆదివారం వచ్చాక ఆల్బమ్‌లో పెడదాం ఆయన్ని, నువ్వూ ఉండు" అన్నాడు. తేలు కుట్టిన దొంగకు మల్లే ఆవిడ తలూపింది.

శాంటా క్లారాలో ఉన్న కూతురు స్మృతికి ఫోన్ చేసింది.

"అమ్మా, వెయిట్. నువ్వు బేస్‌బాల్ ప్లేయర్‌కి బొట్టు పెట్టావా?"

"పెట్టాను."

"బట్ వై?"

"నుదురు ఖాళీగా ఉంది."

అవతల నవ్వు ఆగడానికి కొంత టైము పట్టింది. "డాడ్‌కి చెప్పెయ్ అమ్మా, హి విల్ బీ ఫైన్."

"ఇన్నేళ్లు వెతికాడే!"

"సో ఇంకోటి వెతుకు. దే ప్రింటెడ్ దెమ్, రైట్? ఎక్కడో ఇంకో డోబ్రిక్ ఉంటాడు. ఈ వీకెండ్ షో లేదా?"

ఉంది. శనివారం, ఊరి బయట ఒక హోటల్లో.

అంతకుముందు భర్తతో షోలకు వెళ్లినా ఆవిడ ఏనాడూ బల్లల దగ్గరికి పోలేదు. తినుబండారాల కౌంటరు పక్కన కూర్చుని ఊలు అల్లుకునేది. ఈసారి ఒంటరిగా, హ్యాండ్‌బ్యాగులో డోబ్రిక్‌ను దాచుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. లోపల వేరే వాతావరణం. పాత కాగితం, ఎప్పుడో ఆరిపోయిన తీపి కలిసిన వాసన. తెల్లగుడ్డలు పరిచిన బల్లలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో తెలియదు. టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు పొడవాటి పెట్టెల మీదికి వంగి, చీరల కొట్లో అంచులు చూసుకుంటూ మడతలు తిప్పినట్టు, కార్డులు తిప్పుతున్నారు. గట్టిగా మాట్లాడేవాళ్లే లేరు. నిద్రపోతున్న పిల్లలున్న ఇంట్లోలా అడుగులు వేస్తున్నారు.

ఆవిడా వంగి తిప్పడం మొదలుపెట్టింది. ఒకడు బ్యాటెత్తి నవ్వుతున్నాడు, ఒకడు ఎవరికో బంతి అందించబోతున్నాడు. ప్రతివాడి వెనకా అదే పచ్చిక, అదే ఎండ. ఈ కార్డులన్నిటినీ అంచుకు అంచు కలిపి పరిస్తే మధ్యలో ఎక్కడా తెగని ఒకే ఒక్క మధ్యాహ్నం అవుతుందేమో అనిపించింది ఆవిడకు. అందులో ఎవరికీ ఆకలి వేయదు, ఎవరూ ఇంటికి వెళ్లరు. వాళ్ల మధ్య నడుచుకుంటూ, డోబ్రిక్ గారిని చూశారా అని అడిగితే అందరూ తలెత్తి ఒకేవైపు చూస్తారు. ఎంతసేపు తిప్పిందో ఆవిడకే తెలియదు. వేళ్ల కొసలు దుమ్ముతో నల్లబడ్డాయి.

చివరి వరసలో, భుజాల మీద పట్టీలేసిన ప్యాంటు తొడుక్కున్న ఎర్ల్ అనే ముసలాయన బల్ల మీద దొరికాడు. శుభ్రమైన డోబ్రిక్. మూలలు కూడా నలగలేదు.

"ఇది అమ్మను, ఇంకో కార్డిస్తే మార్చుకుంటాను. ఏమైనా తెచ్చారా?" అన్నాడు ఎర్ల్.

తెచ్చింది ఒకటే. సిగ్గుపడుతూ తీసి చూపించింది. ఎర్ల్ కంటికి భూతద్దం అమర్చుకుని, నుదుటి మీద ఎర్రదనాన్ని ఆ వైపునుంచీ ఈ వైపునుంచీ చూశాడు. చూస్తున్నకొద్దీ ముసలి మొహంలో వెలుగొచ్చింది.

"ఏమిటి ఇది?"

"పెద్ద కథ" అంది ఆవిడ.

"అయితే చెప్పకండి. శుభ్రమైనవి అందరి దగ్గరా ఉంటాయి" అని, మంచి కార్డు ఆవిడ చేతిలో పెట్టి, బొట్టు కార్డు జేబులో వేసుకున్నాడు. ఇంత సులువా అనుకుంది ఉమామహేశ్వరి. ఇల్లు చేరేదాకా కారులో కూనిరాగం తీసింది.

ఆదివారం యోగానంద్ సూట్‌కేసు కూడా విప్పకుండా ఆల్బమ్ తెరిచి కూర్చున్నాడు. కార్డు తీశాడు, చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"ఎవరీయన?"

"అదేమిటండీ, డోబ్రిక్."

"మన డోబ్రిక్ ఏడీ?"

"ఇదేగా..."

"ఉమా, నాకు చత్వారమే గాని గుడ్డితనం లేదు. పాస్‌పోర్టు కోసం వెళ్లినప్పుడు చూశాను. బొట్టు పెట్టుకుని పెళ్లికొడుకులా ఉన్నాడు."

ఆవిడకు కాళ్ల కింద కార్పెట్టు కదిలింది. "చూసి ఊరుకున్నారా?"

"నువ్వే చెబుతావని ఊరుకున్నా." ఆయన కార్డును మెల్లిగా బల్ల మీద పెట్టాడు. "పెళ్లయిన దగ్గర్నుంచి వీటిని చెత్త అన్నావు. ఇన్నేళ్లకు ఒక్కడికి బొట్టు పెట్టావు. విమానంలో అదే తలుచుకున్నాను, మా ఆవిడ ఇన్నాళ్లకు వీళ్లని ఇంట్లోవాళ్లలో కలిపిందని. వాణ్ణే పట్టుకెళ్లి ఇచ్చేశావు."

కేకలేసి ఉంటే ఆవిడ కూడా రెండు అని ఉండేది. కేకలేయలేదు. ఆల్బమ్‌లో ఆఖరి గడి ఖాళీగానే ఉంచి మూసేశాడు. శుభ్రమైన డోబ్రిక్‌ను సొరుగులో పెట్టాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ కూర బాగుందన్నాడు. కూర బాగాలేదు, ఆవిడకు తెలుసు.

మరుసటి శనివారం ఆయన లేవకముందే ఉమామహేశ్వరి చలికోటు తొడుక్కుని, టిఫిన్ బాక్సులో దద్దోజనం సర్దుకుని, కారు తాళాలు పట్టుకుని నిలబడింది. "లేవండి. వాణ్ణి తెచ్చుకుందాం."

ఎర్ల్ దగ్గర లేడు. టొలీడో వాడెవడికో మార్చేశాడు. టొలీడో వాడు ఇంకెవరికో. ఆ చలికాలమంతా వాళ్లు మంచు రోడ్ల మీద డోబ్రిక్ వెనకాల తిరిగారు. ఊళ్లు తెల్లగా ఎదురొచ్చి తెల్లగా వెనక్కి పోయేవి. ఏ ఊళ్లో ఉన్నారో హాల్లోకి వెళ్లాక గాని తెలిసేది కాదు, వెళ్లాక కూడా తెలియవలసిన అవసరం కనిపించేది కాదు, లోపల అదే మధ్యాహ్నం కనుక. ఇప్పుడు యోగానంద్ కాఫీ కౌంటరు దగ్గర వెనకబడుతుంటే ముందు నడిచేది ఆవిడే. "నుదుటి మీద ఎర్రచుక్క ఉన్న క్యాచర్" అని బల్లబల్లకూ అడిగేది. విన్నామన్నారు కొందరు. చూశామన్నారు ఇంకొందరు. అడిగినకొద్దీ చుక్క పెద్దదైంది. ఒకచోట సిరా అన్నారు, ఒకచోట లిప్‌స్టిక్ అన్నారు, ఎవరో నటి ముద్దుపెట్టుకుందట. లోకంలో పుకారుకు కాళ్లుంటాయని ఆవిడ వినడమే గాని, మంచులో కూడా నడుస్తుందని అప్పుడే చూసింది.

మార్చిలో, ఫోర్ట్ వేన్‌లో, కనిపించాడు.

మార్విన్ అనే భారీ మనిషి బల్ల మీద, నల్ల మఖమలు పరిచిన అద్దాలపెట్టెలో, చిన్న దీపం కింద, ఒక్కడే ఉన్నాడు. గట్టి ప్లాస్టిక్ డబ్బీలో కూర్చోబెట్టారు. నుదుటి మీద బొట్టు, అవతల దేన్నో చూస్తున్న ఆ చూపు. ఉమామహేశ్వరి అద్దానికి దగ్గరగా వంగింది. యోగానంద్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అది రక్తం" అన్నాడు మార్విన్ లోగొంతుకతో. "అతనిదే. ఎవరో కుర్రాడికి సంతకం చేసివ్వాలని తన కార్డు తనే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బంతి ఎగిరొచ్చి నుదుటికి తగిలింది. ఒక్క చుక్క, చూడండి, బొమ్మలో కూడా సరిగ్గా అక్కడే పడింది. అయినా కట్టు కట్టించుకుని వెళ్లి ఆట ముగించాడు. మా నాన్న ఆ రోజు అక్కడే ఉన్నాడు. పోయేదాకా చెబుతుండేవాడు."

కథ ఎంత బాగుందంటే ఆవిడ నోరు తెరుచుకుని వింది. కానీ వచ్చిన పని వేరు. సొరుగులోంచి తెచ్చిన శుభ్రమైన డోబ్రిక్‌ను బల్ల మీద పెట్టి, ఊపిరి పీల్చుకుని, నిజం చెప్పేసింది. "అది రక్తం కాదు. కుంకుమ. నేనే పెట్టాను. మా ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా పెడతాం. ఇతను మా మనిషి. దయచేసి మార్చుకోండి."

పక్కన యోగానంద్ తల తిప్పి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చూడలేదు, మార్విన్‌నే చూస్తోంది.

మార్విన్ జాలిగా నవ్వాడు. "మేడమ్, దీని కోసం చాలామంది చాలా చెబుతున్నారు. పోయిన నెల ఒకాయన కెచప్ అన్నాడు."

"పోనీ ఒక్క నిమిషం పట్టుకోనిస్తారా?"

ఎందుకనిపించిందో, డబ్బీ తెరిచి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే కార్డు మీదికి వంగారు, చిన్నపిల్ల ఫోటో చూసేవాళ్లలా. ఆరిన కుంకుమ అంచుల్లో పొడిపొడిగా లేచింది. తిరిగిచ్చేటప్పుడు ఆవిడ బొటనవేలికి ఎర్రటి నలుసు అంటింది. ఏ రక్తమూ ఇన్నేళ్లకు ఇంత ఎర్రగా అంటదు. వేలు ఇలా చాపితే చాలు, మార్విన్ నోరు మూతపడుతుంది, డోబ్రిక్ ఇంటికొచ్చేస్తాడు.

మార్విన్ అప్పటికే డబ్బీ మూసి, దీపాన్ని కాస్త పక్కకు జరిపి, వచ్చిన ఇంకొకళ్లకు మొదట్నుంచి చెబుతున్నాడు. వాళ్ల నాన్న కూర్చున్న వరస దగ్గరికొచ్చేసరికి ఆ భారీ మనిషి గొంతు సన్నబడింది. ఉమామహేశ్వరి బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది.

బయట పార్కింగ్‌లో మంచు పలచగా, తొందరేమీ లేనట్టు రాలుతోంది. ఇద్దరూ కారెక్కారు.

"చేతికి అంటింది కదా" అన్నాడు యోగానంద్. "చూపించలేదేం?"

"మీరు చూశారా?"

"చూశాను."

"చూసి మళ్లీ ఊరుకున్నారా! నాకైతే నోరు పెగల్లేదు. మరి మీరెందుకు చెప్పలేదు?"

యోగానంద్ వైపర్లు వేసి, అద్దం తెల్లదనంలోంచి రోడ్డు తేలేదాకా ఆగాడు.

"వాళ్ల నాన్న కళ్లారా చూశాడట కదే" అన్నాడు. "మనం కాదంటే ఏం బాగుంటుంది?"