గొంతులో ముల్లు, డబ్బాలో గురాస్

మూడు రోజులుగా మా అత్తగారి గొంతులో చేపముల్లు ఉంది. మూడు రోజులుగా ఆవిడ ఎండు గురాస్ పువ్వు రేకులు నములుతూనే ఉంది. నేను తల బాదుకుంటూనే ఉన్నాను.

త్రిశూలి నదికి ఎగువనున్న మా కొండల్లో ఎవరి గొంతులో ముల్లు గుచ్చుకున్నా మా ఇంటికే వస్తారు. చైత్రంలో గురాస్ చెట్లన్నీ పూసి ఎర్రబడ్డప్పుడు అత్తగారు రేకులు కోయించి, నీడన ఎండబెట్టి, బిస్కెట్ల డబ్బాలో దాస్తుంది. చిటికెడు నమిలి మింగితే ఆ పులుపుకి ముల్లు కరిగిపోతుందని ఊరందరి నమ్మకం. నేను బళ్ళో ఏడో తరగతికి సైన్సు చెబుతాను. గంటలాంటి పువ్వు, పది కేసరాలు, రేకుల అడుగున తేనె గుంటలు, ఇవన్నీ పిల్లలకి బొమ్మ గీసి చూపిస్తాను. కొండ ఎక్కేకొద్దీ ఎరుపు వెలిసి గులాబీ అవుతుందనీ, కనుమ దాటాక పొట్టి పొదల పువ్వు తింటే మత్తెక్కి వాంతులవుతాయనీ నాకు నేర్పింది మాత్రం ఆవిడే. ఇంత తెలిసిన మనిషికి పువ్వుతో ఎముక కరగదని తెలియకపోవడం నా ఖర్మ.

మొదటి రోజే గిన్నెలో రేకులు నానబెట్టి, అదే చేప ముల్లొకటి అందులో వేశాను. మూడో రోజు పొద్దున తీసి ఆవిడ ముందు పెట్టాను.

"చూడండత్తయ్యా! ముల్లు ముల్లులాగే ఉంది. అరిగిందా? వంగిందా?"

"గిన్నెకి గొంతుంటుందేంటే?" అంది బొంగురుగా.

తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. జావ కూడా దిగడం లేదు, ఉమ్మి మింగాలన్నా కళ్ళలో నీళ్ళు. ఒళ్ళు కాలుతోంది. లోపల చీము పడితే ఏమవుతుందోనని నాకు ప్రాణం పోతోంది. మా ఆయన చూస్తే వాళ్ళమ్మకి ఎదురు చెప్పే రకం కాదు. పైగా పక్కింటి తిలసరా వచ్చి ఎగదోసింది.

"ఇంకో గుప్పెడు నమలండి పిన్నీ. నిరుడు నా ముల్లు ఒక్క పూటలో పోలేదూ?"

"నీది చిన్న ముల్లు, సంకటి ముద్దతో జారిపోయింది!" అని అరిచాను.

"టీచరమ్మకి తెలియందేముంది!" అని మూతి తిప్పుకుంది.

మధ్యాహ్నానికి ఉమ్మిలో రక్తం కనిపించింది. ఇక నేను ఎవర్నీ అడగలేదు. శాలువా కప్పి, రెక్క పట్టుకుని, కింది బజారుకెళ్ళే జీపెక్కించాను. ఆస్పత్రిలో డాక్టరు గొంతులోకి లైటు వేసి, పొడుగు పట్టకారుతో రెండు నిమిషాల్లో ముల్లు లాగేశాడు. చిటికెన వేలిలో సగం లేదు. దీనికా మూడు రోజులు!

తిరుగు జీపులో నా కోపం ఆగలేదు. "మొదటి రోజే వస్తే మీ సొమ్మేం పోయేది?"

ఆవిడ బయటికి చూస్తూనే అంది, "నేనే ఆస్పత్రికి పోతే రేపు నా గడప ఎవరు తొక్కుతారే? నడుం వంగిపోయి పొలం పని పోయింది. నీలాగా చదువా, చట్టుబండలా. ఊళ్ళో నన్ను తలుచుకునేది ఆ డబ్బా కోసమేగా."

అందుకని చచ్చిపోతారా అని తిట్టబోయాను. జారిన శాలువా ఆవిడ భుజాల మీదికి లాగాను.

జీపు దిగేసరికి తిలసరాతో పాటు అరడజను మంది కాచుకుని ఉన్నారు. "డాక్టరు తీశాడా, పువ్వుకే పోయిందా?" అని అడిగింది తిలసరా. అందరూ నా మొహమే చూశారు. అత్తగారు నేల చూపులు చూసింది.

"పువ్వు మెత్తబరిచింది, డాక్టరు లాగాడు," అన్నాను. నా ఏడో తరగతి పిల్లలు వింటే నా పరువేం కాను! "కానీ పువ్వు ఒక్క పూటే పనిచేస్తుంది. అప్పటికీ పోకపోతే వెంటనే జీపెక్కాలి. ఆలస్యం చేయబట్టే అత్తయ్యకి ఇంత ముంచుకొచ్చింది."

అత్తగారు తలెత్తింది.

"నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది అదేగా," అంది.