చెత్తబుట్టలోంచి తీసిన బిళ్ల

మూడేళ్ల కిందట, బాస్కెట్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ రోజున, టోలెడో జట్టులోకి తీసుకోదగ్గ కుర్రాళ్ల పేర్లున్న బోర్డు మీంచి ఒక అయస్కాంతపు బిళ్లను పీకి చెత్తబుట్టలో పడేశాడు జనరల్ మేనేజర్ బ్రాక్ హాల్డేన్. దాని మీద టెరెన్స్ ఓడమ్ అని రాసుంది.

"ఈ పొట్టోడి కోసం నలభై ఊళ్లు తిరిగావా వెండెల్? నీ కళ్లకి శుక్లాలు పట్టినట్టున్నాయి. ఇంటికెళ్లి పడుకో," అన్నాడు.

ఆ మాటతోనే, ఊరూరా తిరిగి ఆటగాళ్లను వెతికిపెట్టే వెండెల్ స్కౌట్ ఉద్యోగం ఊడింది. పోతూ పోతూ ఆ బిళ్లను ఏరి జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు టోలెడో జట్టు వరుసగా మూడో ఏడూ అట్టడుగునే ఉంది. ఓడమ్ వేరే జట్టును ఫైనల్స్‌కు మోసుకెళ్లాడు. బ్రాక్ ఎంపికలను బేరీజు వెయ్యమని యజమానురాలు గ్రేటా లిండ్‌క్విస్ట్ వెండెల్‌నే పిలిపించింది.

అదే గది, అదే బోర్డు. వెండెల్ తీరిగ్గా మొదలుపెట్టాడు.

"మొదటివాణ్ణి చేతులు పొడుగని తెచ్చారు, వాటిలో బంతి నిలవదు. రెండోవాడు బెంచీ అరగదీస్తున్నాడు. మూడోవాడు ఏడడుగులుంటే ఏం లాభం? నాలుగడుగులు పరిగెత్తితే ఆయాసం."

బ్రాక్ గబుక్కున కుర్చీలోంచి లేచాడు. "జట్టుని మళ్లీ కట్టాలంటే టైం పడుతుంది. నీకు తెలీందేముంది అన్నా, కాస్త ఓపిక పట్టు."

"మూడేళ్లు పట్టే వచ్చా తమ్ముడూ."

"అయితే ఏం చెయ్యమంటావు?" అంది గ్రేటా.

వెండెల్ జేబులోంచి ఆ పాత బిళ్ల తీసి బోర్డుకు అంటించాడు. ఓడమ్ పేరు మీద అతికించిన తెల్లకాగితంపై బ్రాక్ హాల్డేన్ అని రాసుంది. అందరూ చదివేదాకా ఆగి, దాన్ని పీకి చెత్తబుట్టలో పడేశాడు.

"ఇంటికెళ్లి పడుకో," అన్నాడు.