తుపాకీకి స్నానం

అరవయ్యో ఏట ఎన్సియో ఒక పాత సైనిక రైఫిల్ కొన్నాడు. ఆ రోజు నుంచీ మొత్తం ఫిన్లాండులో తుపాకుల గురించి తెలిసినవాడు ఆయనొక్కడే అయిపోయాడు. కొత్త తూటాలు పిల్లలాటకేనట, పాత తుపాకీకి దాని ఈడు తూటాలే పడాలట. అందుకని సీలు విప్పని రేకు డబ్బాలో యాభై ఏళ్ళ నాటి తూటాలు చవగ్గా కొన్నాడు. శనివారం పొద్దుటంతా గురి తప్ప మిగతా అన్నిటికీ తగిలేలా పేల్చి, సాయంత్రం సావునాలో ఆవిరి స్నానానికి అక్క తెల్లెర్వో ఇంటికి వచ్చాడు.

తెల్లెర్వో నలభై ఏళ్ళుగా తుపాకీ క్లబ్బులో గురిపోటీలకు దిగుతున్న మనిషి. "ఆ పాత తూటాలు పేలితే తుపాకీ గొట్టంలో ఉప్పు మిగులుతుందిరా. కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. ముందు గొట్టం కడుగు, ఆరాక నూనె పెట్టు" అంది.

"ఇనుముకి నీళ్ళా! మతి గానీ పోయిందా అక్కా? నా దగ్గర ఖరీదైన నూనె ఉంది."

"సూపులో ఉప్పెక్కువైతే నూనె పోస్తావా, నీళ్ళు పోస్తావా?"

అక్కకి అన్నీ వంటింటి సంగతుల్లాగే కనిపిస్తాయని ఎన్సియో జాలిపడ్డాడు. గొట్టానికి మూడుసార్లు నూనె పట్టించి, పసిబిడ్డలా గుడ్డలో చుట్టి పక్కన పడుకోబెట్టాడు. తను మాత్రం కాగు సగం ఖాళీ చేసి ఒళ్ళు రుద్దుకున్నాడు.

మూడు వారాల తర్వాత గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూస్తే లోపలంతా ఎర్రటి తుప్పు. రైఫిల్ చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, వేణ్ణీళ్ళున్నాయా?"

"నీకైతే ఉన్నాయిరా" అంది తెల్లెర్వో. "దానికి మాత్రం స్నానాలవేళ దాటి మూడు వారాలైంది."